నాలుగు వాయిల గోధుమ బీరు: ప్రాజెక్టు డైరీ

0వ రోజు. లెక్క

బీరు కాచడం కళా, పనితనమా అన్న వాదన ఎప్పుడూ సీసాలు ఖాళీ అయ్యాకే మొదలవుతుంది, అందుకే తేలదు. ఈసారి కాచే ముందే పెట్టుకున్నాం. ఒకే వంటకాన్ని వాయి తర్వాత వాయి కాస్తాం. రెండు వాయిల మధ్య తేడాను తాగేవాళ్లు పట్టలేకపోతే పనితనం ఉన్నట్టు. ఆ తర్వాత కావాలని ఒక్క అంశం మారుస్తాం. ఆ తేడాను జనం పట్టగలిగితే, రెంటిలో ఏది మంచిదన్న ప్రశ్న వస్తుంది. కళ గురించి మాట్లాడాల్సింది అక్కడ.

చోటు: టెక్సస్‌లో ఒక గ్యారేజీ. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ చట్టం 1978లో దారి తెరిచింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు, అదీ సొంత వాడకానికే, అమ్మకానికి కాదు. మా నాలుగు వాయిలూ కలిపినా 80 లీటర్లు, అంటే 21 గ్యాలన్లు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజు నేరం. అక్కడున్నవాళ్లు దీన్ని చదువుకోవడానికే వాడుకోండి.

రకం: బవేరియా గోధుమ బీరు, అంటే వైస్‌బియర్. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో ముఖ్యమైన వాసనలు రెండే: లవంగం, అరటిపండు. రెండూ మసాలాలోంచో పండులోంచో వచ్చేవి కావు, ఈస్ట్ పుట్టించేవే. ఏది ఎంత రావాలో కాచేవాడు ఉష్ణోగ్రతతో, సమయంతో నిర్ణయించవచ్చు. తప్పు జరిగితే హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) ఘాటు వెనక దాక్కునే వీలు కూడా లేదు.

20 లీటర్ల వాయికి సరుకు:

గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) 2.5 కిలోలు, పిల్స్‌నర్ బార్లీ మాల్ట్ 2 కిలోలు. వరి ఊక 200 గ్రాములు. హాలర్టౌ మిట్టెల్‌ఫ్రూ హాప్స్ (చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు 4 శాతం) 25 గ్రాములు, 60 నిమిషాల మరుగుకు. ఈస్ట్: వైయీస్ట్ కంపెనీది, 3068 రకం. ఆర్ఓ నీళ్లు 30.5 లీటర్లు, అందులో కాల్షియం క్లోరైడ్ 4 గ్రాములు. లాక్టిక్ ఆమ్లం (88 శాతం) 4 మిల్లీలీటర్లు.

లక్ష్యాలు: పులియక ముందు సాంద్రత (నీళ్లది 1.000 అనుకుంటే) 1.050, పులిశాక 1.012, ఆల్కహాలు 5 శాతం, చేదు 11–12 యూనిట్లు.

వరి ఊక ఎందుకంటే, గోధుమకు పొట్టు ఉండదు. బార్లీ పొట్టే కూలర్ (మాల్ట్ ముద్దను వేడి పోకుండా ఉంచే మందపాటి గోడల పెట్టె) అడుగున జల్లెడలా పనిచేసి తీపి రసాన్ని కిందికి వదులుతుంది. సగానికి పైగా గోధుమే అయినప్పుడు ఆ జల్లెడ పలచబడి పిప్పి జావలా బిగుసుకుంటుంది. మన ఊళ్లో ఇటుక బట్టీలకు పోయే ఊకను ఇక్కడ శుభ్రం చేసి, సంచుల్లో కట్టి, డాలర్లకు అమ్ముతారు.

కుళాయి నీళ్లు వద్దనుకున్నాం. వాటిలోని క్లోరిన్, క్లోరమిన్ బీరులోని ఫినాల్స్‌తో కలిస్తే ఆసుపత్రి కట్టుగుడ్డ వాసన వస్తుంది. మామూలు బీరులోనే అది ఘోరం. లవంగం వాసన కూడా ఒక ఫినాలే కాబట్టి ఈ రకంలో ఇంకా జాగ్రత్త కావాలి.

1వ రోజు. మొదటి వాయి

మరలో రోలర్ల మధ్య ఎడం 1.2 మిల్లీమీటర్లు పెట్టి రెండు మాల్ట్‌లూ కలిపే ఆడించాం. తప్పు ఇక్కడే జరిగింది, తెలిసింది మాత్రం సాయంత్రం.

మాల్ట్ 28 డిగ్రీల దగ్గరుంది. 11.25 లీటర్ల నీళ్లు 46.6 డిగ్రీలకు కాచి పోస్తే ముద్ద 44 డిగ్రీల దగ్గర నిలవాలి, నిలిచింది. ఇక్కడ 20 నిమిషాలు ఆగాలి. గింజ గోడల్లో చిక్కుకుని ఉన్న ఫెరులిక్ ఆమ్లాన్ని ఒక ఎంజైము ఈ వేడి దగ్గరే విడదీస్తుంది. తర్వాత ఈస్ట్ దాన్నే 4-వినైల్ గ్వాయకాల్‌గా మారుస్తుంది. లవంగం వాసన అంటే అదే. ఈ మెట్టు దాటేస్తే బీరు వస్తుంది గానీ లవంగం తగ్గుతుంది.

ఆమ్లం ఇప్పుడే కలపకూడదు. ఆ ఎంజైముకు పిహెచ్ 5.7 దగ్గర బాగుంటుంది, పిండిని చక్కెర చేసే ఎంజైములకు 5.4 దగ్గర. కాబట్టి 20 నిమిషాలూ ఆగి, అప్పుడు 4 మిల్లీలీటర్లు వేసి కలిపాం. నమూనాను 25 డిగ్రీలకు చల్లార్చి చూస్తే ముందు 5.68, తర్వాత 5.42. వేడి నమూనాలో మీటరు ముంచితే అంకె వేరుగా వస్తుంది, మీటరు కూడా త్వరగా పాడవుతుంది. ఈ పిహెచ్ కొలత పుట్టిందే బీరు కంపెనీ ప్రయోగశాలలో. కోపెన్‌హాగన్ కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో సోరెన్‌సెన్ 1909లో తెచ్చాడు.

తర్వాతి మెట్టు 63 డిగ్రీలు. లెక్క ప్రకారం మరిగే నీళ్లు 6.9 లీటర్లు చాలు. పోశాక థర్మామీటరు 60.5 దగ్గర ఆగిపోయింది. లెక్కలో కూలర్ గోడలు తాగే వేడి లేదు, కెటిల్ నుంచి కూలర్ దాకా వచ్చేలోపు నీళ్లు చల్లారడమూ లేదు. ఇంకో లీటరున్నర మరిగించి పోసేసరికి 12 నిమిషాలు పోయాయి. 63 దగ్గర 30 నిమిషాలు.

63 నుంచి 70కి డికాక్షన్. కాఫీ డికాక్షన్ కాదు. ముద్దలోంచి చిక్కటి భాగం 5 లీటర్లు తోడి, గిన్నెలో 70 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, తర్వాత మరో 10 నిమిషాలు మరిగించి తిరిగి పోయడం. చెయ్యి ఆపితే అడుగంటుతుంది. కర్ర గరిటెతో అడుగు గీకుతూనే ఉండాలి. రాగి సంకటి తిప్పినవాళ్లకు వేరే శిక్షణ అక్కర్లేదు. 70 దగ్గర 30 నిమిషాలయ్యాక 76 డిగ్రీల నీళ్లతో పిప్పి కడగడం.

కడిగాక పిప్పిని చేత్తో పిసికి చూస్తే గోధుమ గింజలు చాలావరకు అలాగే ఉన్నాయి. గోధుమ బార్లీ కంటే సన్నం, గట్టి కూడా. 1.2 ఎడంలోంచి నలగకుండానే జారిపోయింది. మరిగి చల్లారాక సాంద్రత 1.046. నాలుగు పాయింట్లు తక్కువ. దిగుబడి 72 శాతం అనుకున్నది 66కి పడింది.

చక్కెరో మాల్ట్ పొడో కలిపి అంకె సరిచేయవచ్చు. చేయలేదు. మొదటి వాయిని పోలిక నుంచి తప్పించాం. 18 డిగ్రీల దగ్గర పులిసి 1.011కి దిగింది, 4.6 శాతం. తాగదగ్గదే, పోటీలో మాత్రం లేదు.

20వ రోజు. ఈస్ట్

20 లీటర్లు, 12.4 ప్లేటో (1.050 సాంద్రతనే చక్కెర శాతంగా చెప్పే కొలత). మిల్లీలీటరుకు ఒక్కో ప్లేటోకు 7.5 లక్షల కణాలు అనుకుంటే మొత్తం దాదాపు 18,600 కోట్ల కణాలు కావాలి. తాజా ప్యాకెట్టులో సుమారు 10,000 కోట్లుంటాయి. కొరత తీరాలంటే పెంచుకోవాలి: 2 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల మాల్ట్ పొడి మరిగించి, చల్లార్చి, ప్యాకెట్టు కలిపి, తిరిగే పళ్లెం మీద ఒకటిన్నర రోజు. ఒక్కో వాయికి ఒక్కో సీసా, ఒకే తేదీ ప్యాకెట్లు. పాత వాయి అడుగున మిగిలిన మడ్డి ఈస్ట్‌తో తర్వాతి వాయి మొదలుపెట్టడం చౌక, బోలెడుమంది అదే చేస్తారు. కానీ అప్పుడు కణాల లెక్క ఊహే అవుతుంది.

చిన్న పక్కమాట. కల్లుతో పోల్చి బీరును సులువనుకునేవాళ్లు ఉంటారు. కల్లులో చక్కెర చెట్టే ఇస్తుంది, ఈస్ట్ గాలిలోంచీ కుండలోంచీ వస్తుంది. గీత కార్మికుడి పనితనమంతా గీతలో, వేళలో, కుండ శుభ్రతలో ఉంటుంది. పులవకుండా నీరాగానే దించాలంటే కుండకు సున్నం పూస్తాడు. బీరులో చక్కెర ఉండదు, పిండి ఉంటుంది. పిండిని చక్కెర చేయడానికి సగం రోజు పోతుంది. ఈస్ట్ కూడా ఏది దొరికితే అది పనికిరాదు. 1883లో కార్ల్స్‌బర్గ్‌లో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచేదాకా, వాయికీ వాయికీ రుచి ఎందుకు మారుతోందో పెద్ద పెద్ద బ్రూవరీలకే అంతుపట్టలేదు. వాయి చెడితే దురదృష్టం, కుదిరితే హస్తవాసి. డాక్టరు చేతికి మనవాళ్లు అంటగట్టే ఆ గుణాన్నే బ్రూవరు చేతికీ అంటగట్టారు.

22వ రోజు. రెండో వాయి

మొదటి వాయి తప్పుకు అతి విరుగుడు. రోలర్ల ఎడం 0.8కి దించి రెండు మాల్ట్‌లూ మళ్లీ కలిపే ఆడించాం. గోధుమ బాగా నలిగింది. బార్లీ పొట్టు కూడా పొడైపోయింది.

ఉష్ణోగ్రతలు ఈసారి కుదిరాయి. కూలర్‌ను ముందే మరిగే నీళ్లతో పది నిమిషాలు వేడిచేసి పారబోశాం. 63 మెట్టుకు 8.4 లీటర్లు మరిగించి పెట్టుకుని, ముందు 7 లీటర్లు పోసి, తర్వాత థర్మామీటరు చూస్తూ కొద్దికొద్దిగా. 7.6 దగ్గర 63 వచ్చింది. ఎక్కువ పోసిన 0.7 లీటరును కడిగే నీళ్లలో తగ్గించాలి, లేదంటే మరిగాక రసం పలచబడుతుంది.

కడిగేటప్పుడు కుళాయి సన్నధారగా మారి, ఐదు నిమిషాల్లో ఆగిపోయింది. పైన నీళ్లు నిలిచాయి, కింద చుక్క లేదు. ఇలాంటప్పుడు కుళాయి ఇంకా తెరిస్తే లోపల ఒత్తిడి పడిపోయి పిప్పి మరింత బిగుసుకుంటుంది. కుళాయి కట్టేయాలి. 78 డిగ్రీల నీళ్లు 2 లీటర్లు గొట్టంతో కింది కుళాయి గుండానే లోపలికి ఎక్కించాలి. అప్పుడు పిప్పి మొత్తం పైకి తేలుతుంది. ఇంకో గుప్పెడు ఊక వేసి, అడుగుదాకా ఒకసారి కలిపి, పది నిమిషాలు కదిలించకుండా వదలాలి. ముందు వచ్చే మడ్డి రసాన్ని జగ్గుతో తీసి మెల్లగా పైన పోయాలి, తేటగా వచ్చేదాకా. కుళాయి పావువంతు కంటే ఎక్కువ తెరవకూడదు. మొత్తం 40 నిమిషాలు ఆలస్యం.

మూత తెరిచే 60 నిమిషాలు మరిగించాం. మూత పెడితే పిల్స్‌నర్ మాల్ట్‌లోంచి వచ్చే డిఎంఎస్ అనే గంధకపు పదార్థం ఆవిరిలో పోకుండా మళ్లీ కిందికే కారి, ఉడికిన మొక్కజొన్న వాసన మిగులుతుంది. రాగి గొట్టాల చుట్టతో 20 నిమిషాల్లో 24 డిగ్రీలకు చల్లార్చి, మిగతా పని ఫ్రీజరుకు వదిలాం. 17 డిగ్రీల దగ్గర ఈస్ట్ కలిపి 18 దగ్గర నిలిపాం. సాంద్రత 1.051.

గ్యారేజీ బయట 36 డిగ్రీలు. పులిసే బకెట్టు ఛెస్ట్ ఫ్రీజరులో, ఫ్రీజరు తీగ ఉష్ణోగ్రత కంట్రోలరుకు. కంట్రోలరుకు వేడి కొలిచే కొనను గాలిలో వేలాడదీయకూడదు. బకెట్టు గోడకు ఆనించి, పైన స్పాంజి ముక్క వేసి టేపు అంటించాలి. ఈస్ట్ జోరుమీద ఉన్నప్పుడు బకెట్టు లోపలి వేడి చుట్టూ గాలి కంటే 3, 4 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. గాలిని కొలిచి 18 అనుకుంటే బీరు 22 దగ్గర పులుస్తుంటుంది. "నా బీరులో అరటిపండు ఎక్కువైంది" అనేవాళ్లలో చాలామంది తప్పు ఇదే.

23వ రోజు. మూడో వాయి

మరుసటి రోజే. గోధుమను విడిగా 0.8 ఎడంలో ఆడించాం. బార్లీకి 1.1 ఎడం, దానికి ముందు 2 కిలోల మీద 40 మిల్లీలీటర్ల నీళ్లు చిలకరించి, కలిపి, పది నిమిషాలు ఉంచాం. పొట్టు మెత్తబడి చిరగకుండా ఒలుచుకుంటుంది, లోపలి పిండి పొడిగానే ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే రోలర్లకు పిండి అంటుకుని తుప్పు పడుతుంది. ఊక 300 గ్రాములకు పెంచాం.

కుళాయి ఒక్కసారి కూడా ఆగలేదు. 7.6 లీటర్లకు 63, డికాక్షన్‌తో 70. సాంద్రత 1.050. ఫ్రీజరులో రెండో వాయి పక్కనే, అదే 18 డిగ్రీలు. ఈ రోజు డైరీలో రాయడానికి ఇంకేం లేదు. అన్నీ సవ్యంగా జరిగిన రోజు పేజీ ఇంతే ఉంటుంది.

30, 31వ రోజులు. నాలుగో వాయి

మూడో వాయి పేజీ చూసి అక్షరం తప్పకుండా. సాంద్రత 1.050. ఒక్కటే మార్పు: పాత ఫ్రిజ్‌లో, వేడి పట్టీతో, 22 డిగ్రీల దగ్గర పులియబెట్టాం.

వేడి పెరిగితే ఈస్ట్ ఎస్టర్లు ఎక్కువ చేస్తుంది. వాటిలో ఐసో అమైల్ అసిటేట్‌దే అరటిపండు వాసన. ఒత్తిడి పెరిగితే ఎస్టర్లు తగ్గుతాయి. ఎత్తైన స్టీలు ట్యాంకుల్లో పులిసే గోధుమ బీరు కంటే, తెరిచిన వెడల్పు తొట్లలో పులిసేదానికి పండు వాసన ఎక్కువ రావడానికి అదొక కారణం. మా బకెట్లలో నాలుగింటిలోనూ రసం లోతు ఒకటే, కాబట్టి ఇక్కడ తేడా అంతా వేడిదే.

31వ రోజు ఉదయానికి మూత లేచిపోయింది. 3068కి పొంగు విపరీతం. 30 లీటర్ల బకెట్టులో పది లీటర్ల ఖాళీ ఉంచినా 22 డిగ్రీల దగ్గర చాలలేదు. నురగ ఎయిర్‌లాకులోకి (గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత బిరడా) ఎక్కి, హాప్స్ ముక్కలతో రంధ్రం మూసుకుని, మూతను తోసేసింది. ఎయిర్‌లాకు తీసి, వేలు లావున గొట్టం పెట్టి, రెండో కొన శానిటైజరు నీళ్ల జగ్గులో ముంచాం. మొదటి రోజే చేయాల్సిన పని. మూత ఎంతసేపు తెరిచి ఉందో తెలియదు. లోపలినుంచి గాలి బయటికి తోస్తూనే ఉంది కాబట్టి కలుషితం కాకపోవచ్చనుకుని వాయిని ఉంచాం. ఫలితాలు చదివేటప్పుడు ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

36, 42వ రోజులు. సీసాలు

రెండో, మూడో వాయిలు 36వ రోజున, నాలుగోది 42న. మూడూ 1.012 దగ్గర ఆగాయి. మూడు రోజుల ఎడంతో రెండుసార్లు అదే అంకె వస్తేనే సీసాకు వెళ్లాలి, బుడగలు ఆగడం సాక్ష్యం కాదు.

గోధుమ బీరుకు గ్యాసు ఎక్కువ కావాలి, 3.3 వాల్యూములు, అంటే లీటరు బీరులో 3.3 లీటర్ల గ్యాసు. 20 డిగ్రీల దగ్గర బీరులో అప్పటికే 0.86 కరిగి ఉంటుంది. మిగిలిన 2.44కి లీటరుకు 9.3 గ్రాముల పంచదార. మడ్డి వదిలేస్తే దక్కేది 19 లీటర్లు, కాబట్టి 177 గ్రాములు. పావు లీటరు నీళ్లలో మరిగించి, చల్లార్చి, ముందు ఖాళీ బకెట్టులో పోసి దాని మీదికి బీరును సైఫన్ చేయాలి. సీసా సీసాకు చెంచాతో వేస్తే ఒకటి చప్పగా, ఒకటి బాంబుగా తయారవుతాయి. పలచని మామూలు సీసాలు ఈ ఒత్తిడికి వాడకూడదు. జర్మన్ గోధుమ బీరువి మందపాటి అర లీటరు సీసాలు కడిగి వాడాం. రెండు వారాలు 21 డిగ్రీల దగ్గర, తర్వాత ఫ్రిజ్.

58వ రోజు. రుచి

పన్నెండుమంది. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు, రెంటిలో ఒకే బీరు, ఒకదానిలో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. గ్లాసుల మీద మూడంకెల కోడ్లు, వరస ఒక్కొక్కరికీ వేరు, పోసినవాళ్లు వడ్డించలేదు. ఈ బీరుకు అడుగు ఈస్ట్ కూడా కలవాలి కాబట్టి ప్రతి సీసానూ బల్ల మీద దొర్లించాకే పోశాం. లేకపోతే నాలుకకు ముందే కంటికి తేడా దొరికిపోతుంది. 8 డిగ్రీలు.

ఊరికే గుడ్డిగా ఊహించినా పన్నెండుమందిలో నలుగురు సరిగ్గా చెబుతారు. ఎనిమిదిమంది చెబితేనే తేడా ఉందనుకోవచ్చు. చిన్న నమూనాల లెక్కలు కూడా బీరు చలవే. విలియం గాసెట్ గిన్నెస్‌లో పనిచేస్తూ 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ఆ పద్ధతి ప్రచురించాడు.

రెండో వాయికీ మూడో వాయికీ మధ్య: ఐదుగురు.

మూడుకూ నాలుగుకూ మధ్య: పదిమంది.

మొదటి అంకెతో రెండు వాయిలూ ఒకటేనని రుజువు కాదు, ఈ పన్నెండుమంది పట్టలేకపోయారని మాత్రమే. అయినా 40 నిమిషాలు కుళాయి మూసుకుపోయిన వాయి, ఏ ఇబ్బందీ లేని వాయి పక్కపక్కన నిలిచాయంటే, దారి తప్పినా వేడి, పిహెచ్, సాంద్రత, కణాల లెక్క చేరాల్సిన చోటికే చేరాయన్నమాట. దీన్ని కళ అనడానికి మాకు నోరు రావడం లేదు. వడ్రంగి రెండు తలుపులూ ఒకే కొలతకు దించితే మెచ్చుకుంటాం, కళాకారుడని పిలవం. మెచ్చుకోలు అందువల్ల తగ్గదు కూడా.

రెండో అంకె అసలైన చిక్కు తెచ్చింది. సరిగ్గా చెప్పిన పదిమందిని ఏది నచ్చిందని అడిగాం. ఆరుగురు 22 డిగ్రీల వాయి, నలుగురు 18 డిగ్రీల వాయి. పదిమందిలోనూ కొందరు అదృష్టం కొద్దీ సరిగ్గా చెప్పినవాళ్లే అయ్యుంటారు, కాబట్టి ఈ ఆరు–నాలుగు మీద బరువు పెట్టకూడదు. మాటలు మాత్రం రాసుకున్నాం. 22 దానికి "చక్కెరకేళి పండు, కొంచెం మాగినది". 18 దానికి "బిర్యానీ మసాలా డబ్బా మూత తీసినట్టుంది". రెండోది తిట్టా, పొగడ్తా అని అడిగితే ఆలోచించి చెబుతానన్నారు, ఇంతవరకు చెప్పలేదు.

నాలుగో వాయి ఒక వారం చిన్నది. ఈ బీరు తాజాగా ఉన్నప్పుడే పండు వాసన ఎక్కువ. పైగా మూత లేచిన వాయి అదే. తేడాలో కొంత వీటిదీ కావచ్చు. పుల్లదనం గానీ కట్టుగుడ్డ వాసన గానీ ఎవరూ చెప్పలేదు.

లవంగం ఎక్కువ ఉండాలా, అరటిపండు ఎక్కువ ఉండాలా అన్నదానికి థర్మామీటరు జవాబు చెప్పదు. 1516 బవేరియా శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరే ఏదీ ఉండకూడదంది. ఆ లెక్కన గోధుమ బీరే ఉండకూడదు, పాలకులిచ్చిన ప్రత్యేక హక్కు మీద బతికింది. 1872లో గియోర్గ్ ష్నైడర్ ఆ హక్కు సంపాదించాడు. ఈ రుచి ఉండాలని ఎవరో ఒకరు పట్టుబట్టారు కాబట్టే ఈ రోజు 44 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆగుతున్నాం. ఆ పట్టుదల కళే. మొదటి వాయిలాంటి పనితో ఆ పట్టు నిలబడదు. 1.046 వచ్చినప్పుడు మేం ఏ రుచినీ ఎంచుకోలేదు, వచ్చింది తీసుకున్నాం.

60వ రోజు. ఐదో వాయికి మార్పులు

మరకు రెండు గుర్తులు గీశాం: గోధుమ 0.8, బార్లీ 1.1. ఊక 300 గ్రాములు ఖాయం. 63 మెట్టుకు 7.6 లీటర్లు, కూలర్ ముందే వేడి. మొదటి గంట నుంచే గొట్టం, ఎయిర్‌లాకు ఐదో రోజు తర్వాతే. పులిసే వేడి: 18 దగ్గర మూడు రోజులు, తర్వాత 21కి వదలడం. లవంగం అలాగే ఉండి పండు ఎంత పెరుగుతుందో చూడాలి. ఎస్టర్లు ఎక్కువగా పుట్టేది మొదటి మూడు రోజుల్లోనే కాబట్టి పెద్దగా పెరగదని మాలో ఒకరి పందెం. పందెం ఆరు సీసాలు, నాలుగో వాయివి.